యూదు మతం, క్రైస్తవం, ఇస్లాం ఒకటేనా? వాటి శాఖల సంగతేమిటి? తరచుగా అడిగే ప్రశ్నలు

యూదు మతం, క్రైస్తవం, ఇస్లాం మూడూ అబ్రాహామును తమ మూలపురుషుడిగా చెప్పుకుంటాయి. అందుకే వాటిని కలిపి అబ్రాహామీయ మతాలు అంటారు. అలా కలిపి అనడం వల్లే చాలామందికి సందేహాలు మొదలవుతాయి. తరచుగా ఎదురయ్యే ప్రశ్నలకు జవాబులు ఇవి.

సూటిగా చెప్పండి. మూడూ ఒకే మతమా, కాదా?

కాదు, మూడు వేర్వేరు మతాలు.

ఇది తేల్చుకోవడానికి నాకు బాగా పనికొచ్చిన పద్ధతి ఒకటుంది. సిద్ధాంతాలు కాసేపు పక్కన పెట్టి, ఇటు నుంచి అటు వెళ్లాలనుకునే మనిషిని అవతలివాళ్లు ఏం చేయమంటారో చూడండి. క్రైస్తవుడు యూదుడిగా మారాలంటే మామూలుగా ముగ్గురు సభ్యులున్న రబ్బీల పీఠం ముందు నిలబడాలి. మగవాడైతే సున్తీ చేయించుకోవాలి, ఆ తర్వాత మిక్వే అనే నీటి కొలనులో మునగాలి. యూదుడు ముస్లిం కావాలంటే షహాదా, అంటే దేవుడు ఒక్కడే, ముహమ్మద్ ఆయన ప్రవక్త అన్న విశ్వాస వాక్యం పలకాలి. ముస్లిం క్రైస్తవుడు కావాలంటే బాప్తిస్మం తీసుకోవాలి. అంతకుముందు ఆ మనిషి ఎన్నేళ్లు ఏ దేవుణ్ణి ఎంత భక్తిగా కొలిచాడన్నది ఎవరూ అడగరు. మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాల్సిందే.

అదే ఒక సున్నీ షియాగా మారితే కొత్తగా ముస్లిం అయ్యే తంతు ఉండదు. లూథరన్ (ప్రొటెస్టెంట్లలో ఒక శాఖవాడు) కేథలిక్‌గా మారితే మళ్లీ బాప్తిస్మం ఇవ్వరు. అంటే అతను అప్పటికే మా మతంవాడే అని అవతలివాళ్లు ఒప్పుకున్నట్టు. సభల్లో చెప్పే మంచి మాటల కంటే గుమ్మం దగ్గర జరిగే ఈ పని చూస్తే అసలు సంగతి తెలుస్తుంది. కొన్ని చోట్ల మాత్రం ఈ పద్ధతి అతకదు. ఎక్కడ అతకదో కింద చెబుతాను, ఆసక్తి అంతా అక్కడే ఉంది.

మూలపురుషుడు ఒక్కడే కదా? మరి తేడా ఎక్కడ?

ఆ మూలపురుషుడు ఎవరివాడన్న దగ్గరే తగాదా ఉంది. యూదులకు అబ్రాహాము వాళ్ల వంశకర్త. దేవుడు చేసిన నిబంధన ఆయన నుంచి ఇస్సాకుకు, అక్కడి నుంచి యాకోబుకు వచ్చింది. దానికి గుర్తు సున్తీ. క్రైస్తవులకు దారి చూపిన పౌలు ఈ కథను వేరేలా చదివాడు. సున్తీకి ముందే అబ్రాహాము నమ్మాడు, ఆ నమ్మకం వల్లే నీతిమంతుడిగా ఎంచబడ్డాడు, కాబట్టి నమ్మినవాళ్లందరికీ ఆయన తండ్రే అని రోమీయులకు రాసిన పత్రికలో వాదించాడు. ఖురాన్ (3:67) ఇంకా ముందుకు వెళ్లి, ఇబ్రహీం యూదుడూ కాడు, క్రైస్తవుడూ కాడు, ఏకదైవానికి లోబడిన ముస్లిం అంటుంది.

కొడుకును బలి ఇవ్వబోయిన కథ కూడా ఇలాగే చీలింది. ఆదికాండంలో ఆ కొడుకు ఇస్సాకు. ఖురాన్‌లో ఆ ఘట్టంలో పేరు లేదు. ముస్లింలలో ఎక్కువమంది అది అబ్రాహాము ఇంకో కొడుకు ఇస్మాయిల్ అని నమ్ముతారు.

హెబ్రోను పట్టణంలో అబ్రాహాము సమాధి అని చెప్పే కట్టడాన్ని చూస్తే ఈ పరిస్థితి కళ్లకు కడుతుంది. గోడలు ఒకటే, లోపల మాత్రం ఒక వైపు మసీదు, ఇంకో వైపు యూదుల ప్రార్థనా మందిరం. అబ్రాహాము పేరు మీద కట్టిన సమాధి గది మధ్యలో ఉంది, ఇరువైపుల వాళ్లూ ఎవరి కిటికీలోంచి వాళ్లు చూస్తారు. ఏడాదిలో పది రోజులు మొత్తం కట్టడం యూదులకు, ఇంకో పది రోజులు మొత్తం ముస్లింలకు వదిలేస్తారు. తాత ఒకడే, కాపురాలు ఎప్పుడో వేరు పడ్డాయి.

ముగ్గురూ కొలిచేది ఒకే దేవుణ్ణా?

ఈ ప్రశ్నకు జవాబిచ్చి చిక్కుల్లో పడ్డవాళ్లున్నారు. అమెరికాలోని వీటన్ కాలేజీ ఇవాంజెలికల్ క్రైస్తవుల విద్యాసంస్థ. 2015 డిసెంబరులో అక్కడి ప్రొఫెసర్ ఒకరు ముస్లింలకు సంఘీభావంగా హిజాబ్ వేసుకుని, వాళ్లూ మనమూ ఆరాధించేది ఒకే దేవుణ్ణి అని ఫేస్‌బుక్‌లో రాశారు. కాలేజీ ఆమెను సెలవు మీద పంపింది. 2016 ఫిబ్రవరి నాటికి ఆమె కాలేజీతో తెగతెంపులు చేసుకోవాల్సి వచ్చింది.

తమాషా ఏమిటంటే, దాదాపు అదే మాట కేథలిక్ చర్చి 1964లోనే రెండో వాటికన్ మహాసభ పత్రంలో రాసుకుంది. ముస్లింలు మాతో పాటు ఏకైక దేవుణ్ణి, కరుణామయుణ్ణి ఆరాధిస్తారన్నది ఆ వాక్యం సారాంశం. ఒకే క్రైస్తవంలో ఒకచోట అధికారిక బోధ అయినది ఇంకోచోట ఉద్యోగం మీదికి తెచ్చింది.

ఖురాన్ (29:46) గ్రంథ ప్రజలతో, అంటే యూదులతో, క్రైస్తవులతో, మా దేవుడూ మీ దేవుడూ ఒక్కడే అని చెప్పమంటుంది. అదే ఖురాన్ (5:73) దేవుడు ముగ్గురిలో ఒకడు అనేవాళ్లను గట్టిగా తప్పుపడుతుంది. యూదుల్లో 12వ శతాబ్దపు మహాపండితుడు మైమోనిడిస్ దృష్టిలో ముస్లింలు విగ్రహారాధకులు కారు, క్రైస్తవులు మాత్రం ఆ లెక్కలోకే వస్తారు. దాని ప్రభావం ఇప్పటికీ పోలేదు. మసీదులోకి వెళ్లడానికి అభ్యంతరం లేదని, చర్చిలోకి మాత్రం అడుగు పెట్టకూడదని చెప్పే సంప్రదాయ రబ్బీలు ఉన్నారు. తర్వాతి కాలంలో కొందరు రబ్బీలు క్రైస్తవుల విషయంలో మెత్తబడ్డారు. 2000లో అమెరికాలోని రబ్బీలు, యూదు పండితులు చాలామంది కలిసి ఒక ప్రకటన చేశారు. యూదులూ క్రైస్తవులూ ఆరాధించేది ఒకే దేవుణ్ణి అన్నది అందులో మొదటి మాట.

నాకు అనిపించేదేమంటే, ఇక్కడ రెండు ప్రశ్నలు ఒకదానిలో ఒకటి కలిసిపోయాయి. ఎవరిని ఉద్దేశించి ప్రార్థిస్తున్నారని అడిగితే, ముగ్గురూ అబ్రాహామును పిలిచిన సృష్టికర్తనే అంటారు. ఆ సృష్టికర్త ఎలాంటివాడని అడిగితే జవాబులు పొసగవు. ఆయన మనిషిగా పుట్టి సిలువ మీద చనిపోయాడని క్రైస్తవులు నమ్ముతారు. మిగతా ఇద్దరికీ అది ఊహకందని మాట. ఒకవేళ దేవుడు ఒకడే అని ఒప్పుకున్నా, దాంతో మతం ఒకటే అయిపోదు.

పాత నిబంధన, తోరా, ఖురాన్ అన్నింటిలో అవే కథలు ఉన్నాయి కదా?

కథలు చాలావరకు అవే, పుస్తకాలు మాత్రం వేరు. యూదుల గ్రంథం తనఖ్. అందులోని మొదటి ఐదు పుస్తకాలే తోరా. ప్రొటెస్టెంట్ల పాత నిబంధనలో 39 పుస్తకాలు ఉంటాయి. యూదులు అదే సరుకును 24గా లెక్కపెట్టి, వేరే వరుసలో అమర్చుకున్నారు. మొత్తం బైబిల్ తీసుకుంటే ప్రొటెస్టెంట్లకు 66 పుస్తకాలు, కేథలిక్కులకు 73, ఇథియోపియా ఆర్థడాక్స్ చర్చికి 81. బైబిల్లో ఎన్ని పుస్తకాలన్నది క్రైస్తవుల్లోనే తేలలేదు, అయినా వాళ్లది ఒకే మతం. కాబట్టి పుస్తకాల లెక్కతో మతాన్ని తేల్చలేం.

ఖురాన్ సంగతి వేరు. అది పాత పుస్తకాలకు తగిలించిన మూడో భాగం కాదు. తోరానూ, యేసుకు ఇచ్చిన సువార్త అయిన ఇంజీల్‌నూ దేవుడే పంపాడని ముస్లింలు నమ్ముతారు, కానీ చదివి అనుసరించేది ఖురాన్‌నే. యేసు కన్యకు పుట్టాడని, ఆయన మెస్సీయా అని ఖురాన్ కూడా చెబుతుంది. 19వ సూరాకు (అధ్యాయానికి) యేసు తల్లి మరియమ్ పేరే పెట్టారు. ఆయన్ను సిలువ వేయలేదని 4:157 అంటుంది. క్రైస్తవం మొత్తం నిలబడింది ఆ సిలువ మీదే.

క్రైస్తవం యూదు మతంలోంచే పుట్టింది కదా, ఏ సంవత్సరంలో విడిపోయింది?

ఇదీ అని ఒక తేదీ లేదు. యేసు, పేతురు, పౌలు అందరూ యూదులే. మొదటి పెద్ద తగాదా సుమారు క్రీ.శ. 50లో యెరూషలేములో జరిగింది. యూదులు కానివాళ్లు యేసును నమ్మితే సున్తీ చేయించుకోవాలా వద్దా అన్నది అప్పటి గొడవ. అక్కర్లేదని తేల్చారు. గుమ్మం దగ్గర నియమం మారింది, క్రమంగా ఇల్లే మారిపోయింది. పూర్తిగా వేరు పడడానికి కొన్ని వందల ఏళ్లు పట్టింది.

ఇస్లాం విషయంలోనూ మొదట్లో ఇలాంటి అయోమయం ఉండేది. 8వ శతాబ్దపు క్రైస్తవ పండితుడు డమాస్కస్ యోహాను దాన్ని వేరే మతంగా చూడలేదు. క్రైస్తవంలోంచి దారి తప్పిన వాదాల జాబితాలో చివర చేర్చాడు.

కేథలిక్, ఆర్థడాక్స్, ప్రొటెస్టెంట్ మూడూ ఒకే మతమేనా?

అవును. వాళ్ల మధ్య ఎంత నెత్తురు పారినా ఈ జవాబు మారదు.

కేథలిక్ చర్చి పెళ్లి నియమాలు చూస్తే ఇది బాగా తెలుస్తుంది. కేథలిక్ అమ్మాయి ప్రొటెస్టెంటును చేసుకోవాలంటే బిషప్ అనుమతి కావాలి. అనుమతి తీసుకోకపోతే తప్పే, అంతమాత్రాన పెళ్లి చెల్లకుండా పోదు. అదే అమ్మాయి బాప్తిస్మం లేని యూదుణ్ణో ముస్లింనో చేసుకోవాలంటే ప్రత్యేక మినహాయింపు ఉండాలి. అది లేకపోతే చర్చి దృష్టిలో అసలు పెళ్లే జరగలేదు. పైకి రెండూ కాగితాలే. కానీ మొదటిది లోపలి తేడాకు, రెండోది మతం తేడాకు.

నీళ్లతో, తండ్రి కుమార పరిశుద్ధాత్మల నామంలో ఇచ్చిన బాప్తిస్మం ఎవరిచ్చినా చెల్లుతుందన్నది కేథలిక్కుల మాట. పెద్ద ప్రొటెస్టెంట్ శాఖలు చాలావరకు ఒప్పుకుంటాయి. పద్ధతి అతకదని ముందు చెప్పింది ఇక్కడే. చిన్నప్పుడు నీళ్లు చల్లించుకున్నవాణ్ణి చాలా బాప్టిస్టు సంఘాలు మళ్లీ ముంచుతాయి. అలాగని అతను అప్పటిదాకా అన్యమతస్థుడని వాళ్లు అనరు. ఆర్థడాక్స్‌లోనూ అంతే. కొన్నిచోట్ల కేథలిక్‌ను తైలాభిషేకంతో చేర్చుకుంటారు, కొన్నిచోట్ల మళ్లీ బాప్తిస్మం ఇస్తారు.

కేథలిక్కుల రోము, ఆర్థడాక్స్‌వాళ్ల కాన్‌స్టాంటినోపుల్ 1054లో ఒకరినొకరు వెలివేసుకున్నారు. ఆ వెలిని 1965 డిసెంబరు 7న పోప్ ఆరో పాల్, పాట్రియార్క్ అథెనాగరస్ కలిసి రద్దు చేశారు. అయినా బల్ల దగ్గర ఇంకా కలవలేదు, ప్రభు సంస్కారం విడివిడిగానే తీసుకుంటున్నారు.

ఒకే మతమైనంత మాత్రాన సఖ్యంగా ఉంటారని కాదు. యేసు సమాధి ఉందని నమ్మే యెరూషలేము చర్చిని ఆరు క్రైస్తవ శాఖలు పంచుకుంటున్నాయి. ఏ మూల ఎవరిది, ఏ మెట్టు ఎవరు ఊడవాలి అన్నది పాత ఒప్పందాల ప్రకారమే నడుస్తుంది. ముఖద్వారం పైన కిటికీ కింద ఒక చెక్క నిచ్చెన ఉంది. 1728 నాటి చిత్రంలోనూ అది కనిపిస్తుంది. అందరూ ఒప్పుకుంటే తప్ప దాన్ని తీయడానికి వీల్లేదు, అందుకే అక్కడే ఉంది. తలుపు తాళంచెవి ఒక ముస్లిం కుటుంబం దగ్గర, తెరిచి మూసే పని ఇంకో ముస్లిం కుటుంబం చేతిలో తరతరాలుగా ఉంటున్నాయి.

"మేం క్రిస్టియన్లం, కేథలిక్కులం కాదు" అంటారు కొందరు. అదేమిటి?

అలా అనేవాళ్లు తమ శాఖకే మతం పేరు పెట్టుకుంటున్నారు. కేథలిక్కులు కూడా క్రైస్తవులే, సంఖ్యలో అందరికంటే ఎక్కువ కూడా.

మోర్మన్లు, యెహోవా సాక్షులు క్రైస్తవులేనా?

వాళ్లను అడిగితే ముమ్మాటికీ అవునంటారు. మిగతా పెద్ద చర్చిలను అడిగితే నీళ్లు నములుతాయి. తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ ముగ్గురూ కలిసి ఒకే దేవుడన్న త్రిత్వాన్ని యెహోవా సాక్షులు ఒప్పుకోరు. మోర్మన్లు తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ ముగ్గురినీ నమ్ముతారు, కానీ ముగ్గురూ వేర్వేరు వ్యక్తులని, ఒకే దైవసారం కారని చెబుతారు. బాప్తిస్మంలో మోర్మన్లు పలికే మాటలు దాదాపు కేథలిక్కుల మాటల్లాగే ఉంటాయి. అయినా 2001లో వాటికన్ ఆ బాప్తిస్మం చెల్లదని తేల్చింది. మాటలు ఒకటే అయినా వాటి వెనకున్న నమ్మకం వేరన్నది కారణం. మోర్మన్లు కూడా బయటి నుంచి ఎవరొచ్చినా మళ్లీ బాప్తిస్మం ఇచ్చే చేర్చుకుంటారు. గుమ్మం దగ్గర చూస్తే వేరే మతం, వాళ్ల మాట వింటే అదే మతం. మతాలను అధ్యయనం చేసేవాళ్లు ఎక్కువగా రెండో వైపు మొగ్గుతారు. నేనూ అటే.

సున్నీ, షియా వేర్వేరు మతాలా?

కాదు. క్రీ.శ. 632లో ప్రవక్త మరణించాక నాయకత్వం ఎవరిదన్న దగ్గర మొదలైన చీలిక అది. 680లో కర్బలాలో ప్రవక్త మనవడు హుసేన్ హత్యతో మానని గాయమైంది. ఖురాన్ ఒకటే, నమాజులో తిరిగే దిక్కు (ఖిబ్లా) ఒకటే, హజ్‌లో ఒకే కాబా చుట్టూ తిరుగుతారు. అవతలివాళ్లను కాఫిర్లనే తీవ్రవాదులు ఉన్నారు నిజమే. దానికి జవాబుగా 2005లో జోర్డాన్ రాజధాని అమ్మాన్‌లో 50 దేశాల నుంచి 200 మంది దాకా పండితులు సమావేశమయ్యారు. నాలుగు సున్నీ పద్ధతులు, షియాల్లో జాఫరీ, జైదీ, వాటితో పాటు ఇబాదీ, జాహిరీ కలిపి ఎనిమిదింటిలో దేన్ని పాటించినా ముస్లిమేనని, అతన్ని మతభ్రష్టుడు అనకూడదని తీర్మానించారు.

మరి అహ్మదీయులు?

షహాదా వాళ్లూ చదువుతారు, ఖురాన్ వాళ్లదీ అదే. 19వ శతాబ్దంలో ఉద్యమాన్ని మొదలుపెట్టిన మీర్జా గులాం అహ్మద్‌ను ప్రవక్తగా ఎంచడం దగ్గర గొడవ వచ్చింది. చివరి ప్రవక్త ముహమ్మదే అన్నది ఇస్లాంలో రాజీ లేని విషయం. 1974లో పాకిస్తాన్ రాజ్యాంగాన్ని సవరించి వాళ్లను ముస్లిమేతరులుగా ప్రకటించింది. 1984లో వాళ్లు తమను ముస్లింలుగా చెప్పుకోవడమే నేరమైంది.

1979లో భౌతికశాస్త్రంలో నోబెల్ అందుకున్న అబ్దుస్ సలాం అహ్మదీయుడు. ఆయన సమాధి ఫలకం మీద నోబెల్ పొందిన మొదటి ముస్లిం అని చెక్కారు. తర్వాత 'ముస్లిం' అన్న మాటను చెరిపేశారు. ఎవరు ఏ మతమో పార్లమెంటు తేల్చడం మొదలుపెడితే సమాధి రాళ్ల దాకా వెళ్తుంది.

యూదుల్లో కూడా శాఖలున్నాయా?

ఉన్నాయి. ఆర్థడాక్స్, కన్జర్వేటివ్, రిఫార్మ్ పెద్దవి. కానీ యూదుల విషయంలో ప్రశ్నే కొంచెం మారుతుంది, ఎందుకంటే అది మతమూ, జాతీ రెండూ. దేవుడు లేడనే యూదుడు కూడా యూదుడే. సంప్రదాయం ప్రకారం తల్లి యూదురాలైతే చాలు. అమెరికాలోని రిఫార్మ్ శాఖ 1983లో తండ్రి యూదుడైనా, యూదుగా పెరిగితే చాలంది. దాంతో ఒక శాఖ యూదుడన్న మనిషిని ఇంకో శాఖ కాదనే పరిస్థితి వచ్చింది.

దీనికి మంచి ఉదాహరణ ఓస్వాల్డ్ రుఫైసెన్. పోలండ్‌లో పుట్టిన యూదుడు, నాజీల కాలంలో ఎందరో యూదుల ప్రాణాలు కాపాడాడు. ఆ రోజుల్లోనే కేథలిక్ అయ్యాడు, తర్వాత బ్రదర్ డేనియల్ పేరుతో సన్యాసి అయ్యాడు. యూదులు ఎవరొచ్చినా పౌరసత్వమిచ్చే ఇజ్రాయెల్ చట్టం కింద తనకూ హక్కుందన్నాడు. మత ధర్మం ప్రకారం పుట్టుకతో యూదుడైనవాడు ఎప్పటికీ యూదుడే. అయినా 1962లో సుప్రీంకోర్టు కుదరదంది. ఇష్టపడి క్రైస్తవుడైనవాణ్ణి మామూలు జనం యూదుడని అనుకోరన్నది కోర్టు వాదన. 1970లో చట్టాన్ని సవరించి, వేరే మతంలో సభ్యుడు కాకూడదని రాసేశారు. నాస్తికుడికి తెరుచుకున్న తలుపు బ్రదర్ డేనియల్‌కు తెరుచుకోలేదు. చివరికి మామూలు విదేశీయుడిలా దరఖాస్తు పెట్టుకుని పౌరసత్వం తెచ్చుకున్నాడు.

ముస్లింలు క్రైస్తవుల్ని, యూదుల్ని పెళ్లి చేసుకోవచ్చంటారు. అంటే ఒకే మతమనే కదా?

కాదు, పొరుగు మతమని. ఖురాన్ (5:5) గ్రంథ ప్రజల ఆహారాన్ని, వాళ్ల స్త్రీలతో పెళ్లిని ముస్లిం పురుషుడికి అనుమతిస్తుంది. ముస్లిం స్త్రీకి మాత్రం సంప్రదాయ ధర్మశాస్త్రం ఆ వెసులుబాటు ఇవ్వదు. ఒకే మతమైతే ఈ నియమంతో పనే ఉండదు.

సమరయులు, ద్రూజులు, బహాయీలు, మాండియన్లు ఎక్కడికి వస్తారు?

సమరయులు వెయ్యి మంది కూడా లేరు. తోరా ఐదు పుస్తకాలే వాళ్లకు గ్రంథం, పవిత్ర స్థలం యెరూషలేము కాదు, గెరిజీము కొండ. ద్రూజులు ఇస్లాంలోంచి వచ్చినా 11వ శతాబ్దం నుంచి బయటివాళ్లను చేర్చుకోవడం మానేశారు. అక్కడ నా పద్ధతి అస్సలు పనిచేయదు, అసలు గుమ్మమే లేదు కాబట్టి. బహాయీలను 1925లో ఈజిప్టులోని షరియా కోర్టు ఇస్లాంకు చెందనివాళ్లని తీర్పు ఇచ్చింది. వెలివేద్దామని ఇచ్చిన ఆ తీర్పును, మాది స్వతంత్ర మతమని కోర్టే ఒప్పుకుందంటూ బహాయీలు సంతోషంగా చూపిస్తారు. ఇరాక్, ఇరాన్ ప్రాంతాల మాండియన్లకు బాప్తిస్మమిచ్చు యోహాను మహనీయుడు. అబ్రాహామును మాత్రం వాళ్లు ప్రవక్తగా ఒప్పుకోరు. అబ్రాహామీయ మతాల జాబితాలో వాళ్లను వేసేవాళ్లు ఇది ఒకసారి చూసుకోవాలి.

మూడూ ఒకటే అంటే సామరస్యానికి మంచిదే కదా?

అనేవాళ్ల ఉద్దేశం మంచిదే. కానీ నీ మతమూ నా మతమూ ఒకటే అన్నప్పుడు సాధారణంగా అనేవాడి మతంలోనే అవతలివాణ్ణి కలుపుకోవడం జరుగుతుంది. దీని కంటే అబుదాబిలో 2023లో తెరిచిన అబ్రాహామీయ కుటుంబ భవనం నాకు నచ్చింది. మసీదు, చర్చి, యూదు మందిరం ఒకే ప్రాంగణంలో ఉన్నాయి. మూడూ ఘనాకారంలోనే కనిపించే మూడు విడి కట్టడాలు. మసీదు మక్కా వైపు, యూదు మందిరం యెరూషలేము వైపు, చర్చి తూర్పు వైపు తిరిగి ఉంటాయి. ఎవరి దిక్కునూ ఎవరూ మార్చమనలేదు.

జనాభా లెక్కల్లో వీళ్లను ఎలా లెక్కపెడతారు?

మూడు మతాలుగానే. 2020 నాటికి ప్రపంచంలో క్రైస్తవులు సుమారు 230 కోట్లు, ముస్లింలు సుమారు 200 కోట్లు, యూదులు కోటిన్నర దాకా ఉన్నారని అంచనా. ఇలాంటి అంచనాలు వేసేవాళ్లు సాధారణంగా మనిషి తన గురించి తాను చెప్పుకున్నదే రాసుకుంటారు, మిగతా శాఖలు అతన్ని ఒప్పుకుంటాయా లేదా అని చూడరు. అందుకే మోర్మన్లు క్రైస్తవుల మొత్తంలో కలుస్తారు. ప్రభుత్వాలు మాత్రం అన్నిచోట్లా అలా చేయవు. పాకిస్తాన్ జనగణనలో అహ్మదీయులకు వేరే గడి ఉంది, ముస్లిం అన్న గడిలో టిక్కు పెట్టే వీలు వాళ్లకు లేదు.